గోల్కొండలో తోరా నేర్పిన సర్మద్

ఈ నెల పఠన భాగములు: ఆదికాండము 1:1 – 6:8, యెషయా 20, అపొస్తలుల కార్యములు 2:5–11, 22:3.



మా గ్రామ సంఘములో పెరిగిన పిల్లలలో పదునెనిమిదిమంది ఇప్పుడు హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కంప్యూటరు కంపెనీలలో పని చేయుచున్నారు. ఏడాదికి రెండుమారులు వారిని చూచి, వారి గదులలో ప్రార్థన జరిపి వచ్చుట నాకు వాడుక. క్రిందటి పర్యాయము వెళ్లినప్పుడు వారిలో ఒక చిన్నవాడు ఆన్‌లైనులో తెప్పించుకొనిన పొట్టేలుకొమ్ము బూరను నాకు చూపెను. దానితోకూడ యూదులు ప్రార్థనలో కప్పుకొను చారల శాలువయు వచ్చినది. ప్రభువు యూదుడై పుట్టెను గనుక మనమును ఇట్లే ఆరాధింపవలెను గదా అయ్యగారూ అని అతడు నన్నడిగెను. పిల్లవాని ఆశ మంచిదే. అయితే యూదులను గూర్చి నీకేమి తెలియునని నేను తిరిగి అడుగగా, వారు ప్రభువును సిలువ వేయించిరనియు, ఇప్పుడు వారికి పెద్ద సైన్యమున్నదనియు మాత్రమే చెప్పగలిగెను.

నాకు నవ్వు రాలేదు. అతనికి ఆదివారపు బడిలో నేర్పినవాడను నేనే. ఇరువది సంవత్సరములనుండి నేను పరిసయ్యులను గూర్చి ప్రసంగించుచున్నాను. వేషధారులని తప్ప వారిని గూర్చి నేను మరియొక మాట చెప్పిన గుర్తు లేదు. మిషను సెమినరీలో హెబ్రీ అక్షరములు దిద్దుకొనినవాడనే గాని, ఆ అక్షరములను మన చేతికి అందించిన ప్రజల బ్రదుకు ఎట్టిదో నేను కనుగొన ప్రయత్నింపలేదు.

ఆ సాయంకాలము వారుండు అపార్టుమెంటు మేడమీద నిలిచి చూచితిమి. ఒకవైపు అద్దాల భవనములు, రాయదుర్గము మెట్రో దీపములు. మరియొకవైపు దూరమున గోల్కొండ దుర్గము. నడుమ ఎనిమిది పది కిలోమీటర్లకంటె ఎక్కువ లేదు. ఆ కోటను ఏలిన రాజుల కాలమున, 1647వ సంవత్సరమున, యూదుల బోధకుల బడిలో చదివిన ఒక మనుష్యుడు హైదరాబాదులో నివసించి ఒక హిందూ యువకునికి మోషే ధర్మశాస్త్రమును నేర్పుచుండెనని వారితో చెప్పితిని. ఎవరును నమ్మలేదు. కావున ఆ మనుష్యుని చరిత్రను ఇక్కడ వ్రాయుచున్నాను.

అతని పేరు సర్మద్. ఆ మాటకు నిత్యమైనది అని అర్థము. అతడు ఇరాను దేశములోని కాషాను పట్టణమువాడని ప్రసిద్ధి. కొందరు అర్మేనియావాడందురు. పట్టు నేతకును, తివాచీలకును, మెరుగు పెంకులకును కాషాను పేరుపొందిన ఊరు. అక్కడ యూదుల కుటుంబములు తరతరములుగా కాపురముండెను. వారిలో రబ్బానీములు అనబడు పండితుల తెగకు చెందిన ఇంట సర్మద్ పుట్టెను. రబ్బానీములనగా వ్రాయబడిన ధర్మశాస్త్రముతో పాటు పెద్దలు నోటిమాటగా అప్పగించిన బోధనుకూడ అంగీకరించువారు. మార్కు సువార్త 7వ అధ్యాయములో పెద్దల పారంపర్యాచారమని మనము చదువునది ఆ బోధనే.

యూదులు ఇరానులో ఎట్లుండిరని మీరు అడుగవచ్చును. బైబిలు చదువువారికి ఆ ప్రశ్న రాకూడదు. అష్షూరు రాజు ఇశ్రాయేలీయులను చెరగొనిపోయి మాదీయుల పట్టణములలో ఉంచెనని రాజుల రెండవ గ్రంథము 17వ అధ్యాయము చెప్పుచున్నది. నెహెమ్యా షూషను కోటలో పానదాయకుడు. ఎస్తేరు అదే కోటలో రాణి. చెర విడిపించబడినప్పుడు కొందరు యెరూషలేమునకు తిరిగి వెళ్లిరి గాని అనేకులు అక్కడనే నిలిచిరి. పెంతెకొస్తు దినమున పేతురు ప్రసంగము వినినవారి పట్టికను తీసి చూడుడి. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అని ఆ పట్టిక ఆరంభమగుచున్నది. ఆ మూడు పేరులును నేటి ఇరాను నేలకు చెందినవే. రోమావారికంటె, క్రేతీయులకంటె ముందు వారి పేరులే లూకా వ్రాసెను. ఆ దినమున నమ్మినవారిలో వారి దేశస్థులు ఉండియుండవచ్చును. నమ్మక తిరిగి వెళ్లినవారి సంతతివారు తమ పండుగలను, తమ చుట్టలను కాపాడుకొనుచు 1600 సంవత్సరములు గడపిరి. సర్మద్ వారి బిడ్డడు.

ఇక్కడ నేను కొంచెము నిలువవలెను. ఈ భాగమునే నా ప్రసంగములలో నేను విడిచిపెట్టుచు వచ్చితిని.

క్రీ.శ. 70లో తీతు దండు యెరూషలేము దేవాలయమును కాల్చివేసెను. బలిపీఠము పోయెను, యాజకుల పని ముగిసెను. సద్దూకయ్యులు క్రమముగా కనుమరుగైరి. అప్పుడు నిలిచిన తెగలు ముఖ్యముగా రెండు. ఒకటి యేసును మెస్సీయగా ఒప్పుకొనిన సంఘము. రెండవది పరిసయ్యుల బడి. యోహానాను బెన్ జక్కయి అను పండితుడు సముద్రతీరమునకు సమీపమున యబ్నె అను ఊరిలో బడి కొనసాగించెను. బలి లేనప్పుడు ప్రార్థన, చదువు, దయగల కార్యములు దేవుని సేవగా నిలుచునని అతని బడివారు బోధించిరి. అతని తరువాత ఆ బడికి పెద్ద అయినవాడు గమలీయేలు మనుమడు. ఏ గమలీయేలు? అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో మహాసభ నడుమ లేచి అపొస్తలులను చంపవద్దని నెమ్మదిగా ఆలోచన చెప్పినవాడు. తార్సువాడైన సౌలు ఎవని పాదములయొద్ద పెరిగెనో ఆ గమలీయేలే. ఆ వంశమున నాలుగు తరముల తరువాత యూదా అను పెద్ద, క్రీ.శ. 200 ప్రాంతమున, నోటిమాటగా వచ్చిన బోధనంతయు మిష్నా అను గ్రంథముగా కూర్చెను. బబులోను దేశపు పండితులు దానిమీద జరిపిన చర్చలు తరువాతి మూడు నాలుగు వందల ఏండ్లలో తల్మూదు ఆయెను. బబులోనుకు పొరుగున నున్న ఇరాను యూదులు ఆ తల్మూదు నీడలో పెరిగినవారు.

కావున సర్మద్ చిన్నతనమున కూర్చున్న బల్లకును, పౌలు చిన్నతనమున కూర్చున్న బల్లకును నడుమ తెగని దారమొకటి ఉన్నది. పౌలు గురువు ఇంటివారు కూర్చిన గ్రంథమునే సర్మద్ గురువులు నేర్పిరి. పిల్లవానికి ఐదవ ఏట లేఖనము, పదియవ ఏట మిష్నా అని వారి పెద్దల ఏర్పాటు. చదువు చెవితోను నోటితోను జరుగును. గురువు చదువును, శిష్యుడు తిరిగి చదువును, తప్పిన అక్షరమును గురువు ఆపి దిద్దును. అర్థము చెప్పునప్పుడు ఇద్దరు పెద్దల మాటలు రెండు విధములుగా నుండిన రెండును చెప్పుదురు. ఓడిపోయిన పక్షపు మాటనుకూడ కొట్టివేయక కాపాడుదురు. ఇదియంతయు వేషధారణయని నేను ఇరువది ఏండ్లు ప్రసంగించితిని. ప్రభువు గద్దించినది నిజమే. అయితే ఆయన గద్దింపు ఇంటిలోనివాడు ఇంటివారితో పలికిన మాట. నేను వీధిలో నిలిచి పొరుగింటివానిని గేలిచేయువానివలె ఆ మాటను ఎత్తుకొంటిని.

ఇరాను యూదులు ఇంటిలో మాటలాడునది పారసీకము, వ్రాయునది హెబ్రీ అక్షరములతో. తోరాను వారు పారసీకములోనికి ఎప్పుడో త్రిప్పుకొనిరి. యాకోబు తావూసు అను యూదుని పారసీక తోరా 1546లో కాన్‌స్టాంటినోపిలులో అచ్చుపడెను. మనకు తెలుగు బైబిలు ఉన్నట్లే వారికి తమ మాటలో ధర్మశాస్త్రముండెను.

ఇట్టి చదువు చదివిన సర్మద్ యౌవనమున ఇస్లాము మతమును స్వీకరించి మహమ్మద్ సయీద్ అను పేరు ధరించెను. ఆ కాలపు ఇరానులో యూదులకు సుఖము లేదు. కొంతకాలమునకు, 1656 మొదలుకొని, రెండవ షా అబ్బాసు ప్రభుత్వము యూదులను బలవంతముగా మతము మార్చెను. ఆ శ్రమలను కాషాను యూదుడైన బాబాయి బెన్ లుత్ఫు పారసీక పద్యములలో వ్రాసియుంచెను. సర్మద్ అంతకు చాల ముందే దేశము విడిచిపోయెను. అతడు మనస్సు మారి మారెనో, లోకమునకు వెరచి మారెనో తీర్పు తీర్చుట మన పని కాదు. మతము మారిన పిమ్మట అతడు ఇరానులో గొప్ప తత్త్వవేత్తలైన ముల్లా సద్రా, మీర్ ఫిందిరిస్కీ అనువారియొద్ద శాస్త్రములు చదివెను. ఈ ఫిందిరిస్కీ హిందూదేశపు యోగశాస్త్రమునందు ఆసక్తి గలవాడు.

పిమ్మట అతడు వర్తకుడై సముద్రమార్గమున 1630ల ఆరంభమున సింధుదేశములోని తట్టా రేవునకు చేరెను. పండితుడు వ్యాపారి యగుటలో వింత లేదు. చేతి పని లేని చదువును యూదుల పెద్దలు మెచ్చలేదు. పౌలు డేరాలు కుట్టెను. ఈతడు సరకు అమ్మెను.

తట్టాలో అభయచందు అను యువకుడుండెను. ధనికుడైన హిందూ వర్తకుని కుమారుడు, మంచి గాయకుడు. సర్మద్ మనస్సు అతనిపై నిలిచిపోయెను. ఆ అనురాగము ఎట్టిదని లోకులు అప్పుడును ఇప్పుడును నానావిధములుగా మాటలాడుదురు. సంఘ పత్రికలో నేను దాని జోలికి పోను. జరిగినది మాత్రము చెప్పుదును. సర్మద్ తన సరకునంతయు విడిచెను, వస్త్రములనుకూడ విడిచి దిగంబరి ఆయెను. యువకుని తండ్రి మొదట కోపించి, తరువాత మెత్తబడి కుమారుని అతనితో పోనిచ్చెను. సర్మద్ అభయచందునకు తోరాను, దావీదు కీర్తనలను నేర్పెను. ఇద్దరును లాహోరులో కొంతకాలముండి, దక్షిణమునకు తిరిగి గోల్కొండ రాజ్యమునకు వచ్చిరి.

అప్పుడు గోల్కొండను ఏలుచున్నవాడు అబ్దుల్లా కుతుబ్ షా. అతడు 1626 నుండి 1672 వరకు రాజ్యము చేసెను. హైదరాబాదు నగరము కట్టబడి అరువది సంవత్సరములైనను కాలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో వజ్రములు దొరకుచుండెను. బందరు రేవునకు డచ్చివారు, ఇంగ్లీషువారు, ఇరాను వర్తకులు వచ్చుచుండిరి. దర్బారు భాష పారసీకము. ఇరానునుండి వచ్చినవారు ఇక్కడ గొప్ప పదవులకు ఎక్కుచుండిరి. మీర్ జుమ్లా అట్లే వచ్చి వజ్రవ్యాపారముతో ఆరంభించి మంత్రి ఆయెను. నేడు పై దేశములతో పనిగల కంపెనీలు మాదాపూరు రాళ్లగుట్టలమీద నిలిచినవని మనము ఆశ్చర్యపడుదుము. సైబర్ టవర్సు తెరువబడినది 1998లో. ఆ నేలకు పరదేశులు క్రొత్తవారు కారు.

రాజు మంత్రియైన షేక్ మహమ్మద్ ఖాన్ సర్మద్‌ను ఆదరించెను. సర్మద్ భవిష్యత్తు చెప్పెననియు, అది నెరవేరెననియు కథలున్నవి. వాటిని నేను దాటిపోవుదును. ఇక్కడ జరిగిన మరియొక కార్యము వాటికంటె గొప్పది.

ఆ దినములలో ఒక పారసీక గ్రంథకర్త లోకములోని మతములన్నిటిని గూర్చి ఒక పెద్ద పుస్తకము వ్రాయ పూనుకొని ఊరూర తిరుగుచుండెను. ఆ పుస్తకము పేరు దబిస్తానె మజాహిబ్, అనగా మతముల పాఠశాల. పూర్వము మొహసిన్ ఫానీ దీని కర్తయని తలచిరి. మీర్ జుల్ఫికారు అర్దిస్తానీయని నేటి పండితులు చెప్పుదురు. ఈతని పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. ఒక మతమును గూర్చి దాని విరోధులు వ్రాసినది ఈతడు నమ్మడు. ఆ మతము లోపల పుట్టి పెరిగినవానిని వెదకి అడుగును. యూదులను గూర్చి పరులు వ్రాసిన పుస్తకములు ఈతని చేతిలో నుండెను గాని, చదువుకొన్న యూదుడు దొరకక ఆ అధ్యాయము ఆగిపోయెను. హిజ్రీ 1057లో, అనగా మన లెక్కకు 1647లో, హైదరాబాదులో సర్మద్ కనబడెను. యూదుల అధ్యాయము అప్పుడు వ్రాయబడెను.

ఆ అధ్యాయములో తోరా భాగమొకటి పారసీకములో నున్నది. దానిని త్రిప్పినవాడు అభయచందు. సింధుదేశపు హిందూ వర్తకుని కుమారుడు యూదుని నోట మోషే గ్రంథము నేర్చుకొని త్రిప్పగా, గ్రంథకర్త దానిని సర్మద్ ఎదుట సరిచూపించి తన పుస్తకములో చేర్చెను. గురువు వినును, శిష్యుడు చదువును, తప్పిన చోట గురువు ఆపును. యబ్నె బడిలో జరిగినదే హైదరాబాదులో జరిగెను. మన తెలుగునాట షుల్‌జ్ దొరగారు మద్రాసులో పాత నిబంధనను తెలుగులోనికి త్రిప్పినది 1730ల ఆరంభమున. అదియు అచ్చుపడలేదు. దానికి ఎనుబది సంవత్సరములకు ముందే గోల్కొండ రాజ్యములో ఆదికాండము వాక్యము వాక్యముగా చదువబడుచుండెనని తలచినప్పుడు నా మనస్సు పొంగినది.

ఆ భాగము ఎక్కడ ఆగినదో చూడుడి. సృష్టితో ఆరంభమై ఆదికాండము 6వ అధ్యాయము 8వ వచనముతో ముగియుచున్నది. మనము చదువునప్పుడు అది నిలుపవలసిన చోటుగా తోచదు. జలప్రళయము ఇంకను రాలేదు, ఓడ కట్టబడలేదు, అధ్యాయమునకు నడిమి భాగము. అయితే యూదుల సమాజమందిరములో తోరా అంతయు సంవత్సరమునకు సరిపడునట్లు వారపు భాగములుగా విభజింపబడియున్నది. మొదటి విశ్రాంతిదినపు భాగము 1:1తో ఆరంభమై సరిగా 6:8తో ముగియును. రెండవ వారము నోవహు వంశావళితో ఆరంభమగును. ప్రతి విశ్రాంతిదినమున మోషే గ్రంథము సమాజమందిరములలో చదువబడునని యాకోబు యెరూషలేము సభలో చెప్పినది, అపొస్తలుల కార్యములు 15:21, ఈ చదువునే. అంతియొకయలో పౌలును ప్రసంగింపుమని పిలిచినది ధర్మశాస్త్రమును ప్రవక్తల లేఖనములను చదివిన తరువాతనే. నజరేతులో ప్రభువు చేతికి యెషయా గ్రంథపు చుట్ట అందింపబడినదియు విశ్రాంతిదినపు ఆరాధనలోనే. ఏడాది చదువు నేటి విభజనలోనికి వచ్చినది బబులోను యూదుల మూలముగా.

సర్మద్ సమాజమందిరమును విడిచి అప్పటికి ఎన్నో ఏండ్లు గడచెను. పేరు మార్చుకొనెను, బట్టలు విడిచెను, సముద్రము దాటెను. అయినను శిష్యునికి లేఖనము నేర్పునప్పుడు చిన్ననాడు తన ఊరి మందిరములో చుట్టను చదువువాడు ఏ మాటయొద్ద ఆగెనో ఆ మాటయొద్దనే ఆగెను. ఇది యాదృచ్ఛికము కాదని నా తలంపు. బూరను పారవేయవచ్చును, శాలువను మడిచిపెట్టవచ్చును. చిన్నతనమున చెవిలో పడిన ఆ కొలత అతని లోపల నిలిచియుండెను.

అతడు చెప్పినదంతయు యూదుల మతమని తీసికొనకూడదు. దేవునికి శరీరమున్నదనియు, అది నరుని ఆకృతిని పోలినదనియు యూదుల నమ్మకమని దబిస్తానులో వ్రాయబడినది. నరుడు దేవుని స్వరూపమందు చేయబడెనను వాక్యమును పట్టుకొని అట్లు చెప్పినవారు పూర్వము యూదులలో లేకపోలేదు. అయితే 1204లో మరణించిన వారి మహాపండితుడు మైమోనిదీసు దానిని గట్టిగా ఖండించెను. లోపలివాడు చెప్పినను ఒక్కని మాట ఒక్కని మాటయే.

దిగంబరత్వము విషయముకూడ అట్టిదే. అంతగా చదివినవాడవు బట్టలు కట్టవేమని అడుగువారికి అతడు యెషయాను చూపుచుండెను. యెషయా ప్రవక్త మూడు సంవత్సరములు దిగంబరిగాను వట్టి కాళ్లతోను నడచెనని 20వ అధ్యాయములో నున్నది నిజమే. ఐగుప్తు, కూషు జనులు ఆ రీతిగా చెరపట్టబడుదురనుటకు అది గురుతు. గురుతుకు ఒక కాలము, ఒక కారణము ఉండెను. అది నిత్యమైన కట్టడ కాదు. యూదుల పెద్దలు మానమును కాపాడుకొనుటయందు మిక్కిలి పట్టుదల గలవారు. పైగా సర్మద్ సరిచూచిన ఆ ఆరు అధ్యాయములలోనే రెండు వాక్యములున్నవి. 2:25లో ఆదాము హవ్వలు దిగంబరులైయుండియు సిగ్గుపడలేదు. 3:21లో దేవుడే వారికి చర్మపు చొక్కాయిలు చేసి తొడిగించెను. మొదటి వాక్యమునొద్ద నిలిచిపోయి రెండవదానిని దాటవేసినవాడు సర్మద్ అని నాకు తోచును. వాక్యమును వెదకి తన అలవాటునకు కప్పుకొనుట అతనియొక్కనికే కలిగిన శోధన కాదు. ఉపదేశకులమైన మేమును అందులో గట్టివారమే.

పిమ్మట అతడు గోల్కొండను విడిచి ఢిల్లీకి పోయెను. షాజహాను చక్రవర్తి జ్యేష్ఠ కుమారుడు దారా షికో అతనిని గౌరవించెను. ఈ దారా పండితుల సహాయముతో ఉపనిషత్తులను 1657లో పారసీకములోనికి త్రిప్పించినవాడు. తండ్రి జబ్బుపడగా అన్నదమ్ములకు యుద్ధము వచ్చెను. 1658లో సామూగఢ్ యొద్ద దారా ఓడిపోయెను. 1659లో అతడు చంపబడెను. సింహాసనమెక్కిన ఔరంగజేబునకు అన్న స్నేహితులమీద కన్ను పడుటలో వింత లేదు.

సర్మద్ విచారణకు తేబడెను. బట్టలు లేకుండుట ఒక నేరము. మరియొకటి నమ్మకమును గూర్చినది. ముస్లిముల విశ్వాస ప్రమాణములో దేవుడు లేడు అను నిరాకరణ మొదటను, అల్లాహు తప్ప అను ఒప్పుకోలు తరువాతను వచ్చును. సర్మద్ మొదటి భాగమును మాత్రమే పలుకుచుండెను. పూర్తిగా పలుకుమని న్యాయాధిపతులు ఆజ్ఞాపించినప్పుడు, తాను ఇంకను నిరాకరణలోనే మునిగియున్నాననియు, ఒప్పుకోలునకు ఇంకను చేరలేదనియు, చేరని దానిని నోట పలికిన అబద్ధమగుననియు చెప్పెనని ప్రసిద్ధము. 1661లో అతని శిరస్సు ఖండింపబడెను. ఆ కాలమున ఈ దేశములో సంచరించిన ఐరోపావారు, ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, వెనిసువాడైన మనూచి, ఇద్దరును అతని మరణమును తమ పుస్తకములలో పేర్కొనిరి. అతడు జన్మమున హెబ్రీయుడని మనూచికి తెలియును.

ఈ చోట నా కలము ఆగినది. అతనిని మనవాడని చెప్పుటకు వీలు లేదు. క్రీస్తును ఒప్పుకొనినవాడు కాడు. యూదులు తమవాడని పూర్తిగా చెప్పరు, విడిచిపోయెను గనుక. ముస్లిములలో ఒకరు భ్రష్టుడందురు, మరియొకరు పరిశుద్ధుడందురు. ఢిల్లీ జుమ్మా మసీదు తూర్పు ద్వారము దగ్గర ఎఱ్ఱరంగు వేసిన అతని సమాధి ఉన్నది. ప్రక్కనే పచ్చరంగు వేసిన హరే భరే షా సమాధి. అన్ని మతములవారును అక్కడకు వచ్చుదురు. పారసీకములో అతడు చెప్పిన నాలుగు పాదముల పద్యములు మూడు వందలకు పైగా నిలిచినవి. మౌలానా అబుల్ కలాం ఆజాదు తన యౌవనమున, 1910 ప్రాంతమున, అతనిని గూర్చి ఉర్దూలో వ్యాసము వ్రాసెను. ఆ ఆజాదు సమాధియు అక్కడికి దగ్గరలోనే ఉన్నది.

నోట పలికినది మనస్సునకు చేరలేదని ఒప్పుకొనుట ప్రాణము తీయవలసిన నేరమా అని నన్ను నేను అడిగికొంటిని. ప్రతి ఆదివారము విశ్వాస ప్రమాణమును సంఘముచేత చెప్పించువాడను నేను. అందులో ఎన్ని మాటలయొద్ద నేను నిజముగా చేరియున్నాను? చేరనివి లేవని ప్రమాణము చేయలేను. సర్మద్ ఒప్పుకోలు లేకుండ మరణించెను, అది దుఃఖకరము. అయినను తోరాను నేర్చినవాడు అబద్ధసాక్ష్యమునకు భయపడెనని చదివినప్పుడు, సీనాయి కొండమీద ఇయ్యబడిన ఆజ్ఞలలో ఒకటి అతనియందు చివరివరకు బ్రదికియుండెనని నాకు తోచినది.

ఈ చరిత్రనంతయు ఆ రాత్రి మా పిల్లలకు చెప్పితిని. మరునాడు శనివారము, వారికి సెలవు. ఏడుగురము బయలుదేరి షేక్‌పేట మీదుగా గోల్కొండకు పోతిమి. కోట ద్వారములో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విని, మెట్లెక్కి, పైన బారాదరి నీడలో కూర్చుంటిమి. ఫోనులలోని బైబిళ్లు తీసి ఒక్కొక్కరు ఒక్కొక్క అర అధ్యాయము చొప్పున బిగ్గరగా చదివిరి. తప్పిన చోట పక్కవాడు దిద్దెను. షేతు వంశావళిలోని పేరులయొద్ద ఇద్దరు తడబడిరి, అందరును నవ్విరి. అరగంట పట్టినది. బూర తెప్పించుకొనిన పిల్లవానికి చివరి భాగము వచ్చినది. నోవహునకు దేవుని కటాక్షము దొరకిన మాటయొద్ద అతడు ఆగి, వచ్చే శనివారపు భాగము ఎంతవరకు అని అడిగెను. 11వ అధ్యాయము చివర తెరహు హారానులో మరణించినంతవరకు అని చెప్పితిని. అది పెద్ద భాగము, ఇద్దరు ముగ్గురు కలసి చదువవలసినది. నేను ఊరికి తిరిగివచ్చిన తరువాత వారు దానిని మాదాపూరులోని గదిలోనే చదివిరని ఫోనులో తెలియజేసిరి.